బ్రష్ మానేస్తే రక్తం ఆగుతుందా?

పొద్దున్నే మా హాస్టల్ కుళాయిల దగ్గర తమాషా చూడాలి. ఉమ్మిలో ఎర్రచార కనబడగానే ఒకడు బ్రష్ మానేస్తాడు. ఇంకొకడు పేస్టు మారుస్తాడు. "వేడి చేసిందిరా" అని మూడోవాడి తీర్పు!

మిత్రులారా, చాలావరకు అది వేడి కాదు, పాచి. 1965లో వెలువడిన డెన్మార్క్ ప్రయోగంలో 12 మంది, అందులో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే, కావాలని పళ్ళు తోముకోవడం మానేశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోమితే వారం రోజుల్లో కుదుటపడ్డాయి. కనుక రక్తం వచ్చేచోటే మెత్తని బ్రష్‌తో, రెండుపూటలా, మరింత శ్రద్ధగా తోమాలి. రెండు వారాలకీ తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

పాచి గట్టిపడి గారైతే బ్రష్‌కు లొంగదు, డాక్టరే తీయాలి. "గార తీయిస్తే పళ్ళు కదులుతాయి" అన్నది వట్టి అపోహ. కదిలించేది చిగురు కింద ఎముకను తినేసే జబ్బు. పోయిన ఎముక పూర్తిగా తిరిగిరాదు. పొగతాగేవాళ్ళకు ఈ జబ్బు ఎక్కువ, రక్తం కనబడటం మాత్రం తక్కువ. సిగరెట్టు మిత్రులు మురిసిపోనక్కరలేదు!

యూనియన్ వారికి ఒక మనవి. వార్షికోత్సవానికి మైకుసెట్టు తెప్పించినట్టే ఏడాదికొకరోజు పంటి డాక్టర్ని కూడా పిలిపించండి. నలభయ్యోయేట నవ్వడానికి పళ్ళుండాలి కదా!