పంపు స్విచ్చే కదా అనుకోవద్దు!

వేసవి వస్తే కదిరి చుట్టుపక్కల బోరు లారీలు, నీళ్ల ట్యాంకర్లు లాగే ట్రాక్టర్లే కనిపిస్తాయి. వాన తక్కువగా పడే నేల కదా! ఇంజిన్ గంటల తరబడి ఆడుతుంది, బంకేమో దూరం. అందుకే కొందరు ఇంకో డీజిల్ ట్యాంకు పెట్టి, చిన్న కరెంటు పంపుతో మెయిన్ ట్యాంకులోకి ఎక్కించుకుంటారు. ఆ పంపు స్విచ్ గురించే ఈ వారం ముచ్చట.

'రెండు వైర్లు కలిపితే అయిపాయె' అంటారు. కానీ లెక్క చూడండి. నిమిషానికి 40 లీటర్లు తోడే 155 వాట్ల పంపు 12 వోల్టుల మీద దాదాపు 13 ఆంపులు లాగుతుంది. డాష్‌బోర్డు మీది చిన్న స్విచ్ అంత బరువు మోయలేదు. కాంటాక్టులు మాడి, ప్లాస్టిక్ కరుగుతుంది. పక్కనే డీజిల్ ఉందని మర్చిపోకండి.

దీనికి మందు రిలే. స్విచ్ ఆర్డరు వేస్తుంది, బరువు రిలే మోస్తుంది. వెనక నంబర్లుంటాయి. 30కి బ్యాటరీ ప్లస్, 87 నుంచి పంపు ప్లస్. 86కి స్విచ్ నుంచి వచ్చే వైరు, 85 ఎర్త్‌కి. స్విచ్‌కి కరెంటు తాళం తిప్పితేనే వచ్చే లైను నుంచి ఇవ్వండి. తాళం తీస్తే పంపు కూడా ఆగుతుంది.

ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. అది కాపాడేది పంపును కాదు, వైరును. వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే మంట రాకముందే ఫ్యూజు పోవాలి. ఈ పంపుకైతే 20 ఆంపుల ఫ్యూజు, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సరి. డబ్బు మిగులుతుందని 1 చదరపు మిల్లీమీటరు వైరు వేశారనుకోండి, పోను రాను 10 మీటర్లలోనే రెండు వోల్టులకు పైగా పోతాయి. పంపు నీరసంగా తిరుగుతుంది, వైరు వేడెక్కుతుంది.

లారీ 24 వోల్టులదైతే పంపు, రిలే కూడా 24వే కొనండి. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 లాగితే అది త్వరగా పోతుంది, రెండోదాన్నీ పాడుచేస్తుంది.

ఇంకో చిక్కు. 60 లీటర్ల ట్యాంకు ఈ పంపుతో నిమిషంన్నరలో నిండిపోతుంది. స్విచ్ వేసి ఫోన్ చూస్తూ కూర్చుంటే డీజిల్ నేలపాలే, వేడి సైలెన్సర్ మీద పడితే ప్రాణం మీదికే. నొక్కి పట్టుకుంటేనే పనిచేసే పుష్ బటన్ పెట్టండి. పక్కన చిన్న ఎర్ర లైటు కూడా ఉంటే మేలు. డీజిల్ పంపుతో పెట్రోల్ మాత్రం ఎప్పుడూ తోడొద్దు.

ట్యాంకు బిగించే ముందు ఆర్‌టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడగండి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు మారేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు.

పనంతా అయ్యాక ఒక పరీక్ష. పంపు ఆడుతుండగా దాని టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టండి. బ్యాటరీ దగ్గరి రీడింగుకీ దీనికీ ఒక వోల్టుకు మించి తేడా ఉంటే ఎక్కడో జాయింటు వదులైందనో, వైరు సన్నదనో అర్థం. అది సరిచేశాకే బండి కదిలించండి.