కీమో వేళ గుండె దడ

కీమోథెరపీ అనగానే గుర్తొచ్చేవి రెండే... జుట్టు రాలడం, వాంతులు. వాటికి ఇంటిల్లిపాదీ ముందే సిద్ధపడతారు. మూడోది మాత్రం చెప్పాపెట్టకుండా వస్తుంది. ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. మంచం దిగి నాలుగడుగులు వేస్తే చాలు, పరుగెత్తినంత ఆయాసం! 'అంతా భయం వల్లే, కాసేపు పడుకో' అంటారు పెద్దవాళ్లు. భయం వల్ల దడ వచ్చే మాట నిజమే. కానీ ప్రతి దడకీ భయమే కారణం కాదు.

పెద్ద ఆసుపత్రి పక్కనే ఉంటే ఆటో ఎక్కి వెళ్లొచ్చు. సత్తుపల్లి లాంటిచోట అలా కుదరదు. అటు అశ్వారావుపేట అడవులు, ఇటు సింగరేణి బొగ్గు గనులు. క్యాన్సర్ వైద్యానికి చాలామంది హైదరాబాదులోని ఎం.ఎన్.జె. లాంటి ఆసుపత్రులకు వెళ్లాల్సిందే. మందు ఎక్కించేది సాధారణంగా ఒకట్రెండు రోజులు. మళ్లీ కోర్సు వచ్చేదాకా రెండు మూడు వారాలు ఉండేది ఇంట్లోనే. అందుకే ఏ దడకు విశ్రాంతి చాలు, ఏ దడకు వెంటనే బయల్దేరాలి అన్నది ఇంట్లోవాళ్లకి తెలిసి ఉండాలి.

ఎందుకొస్తుంది?

కీమో మందులు ఎముక మజ్జ మీద పనిచేస్తాయి. దాంతో రక్తం తగ్గుతుంది. ఉన్న కాస్త రక్తంతోనే ఒంటికంతా ప్రాణవాయువు అందించాలంటే గుండె ఎక్కువసార్లు కొట్టుకోక తప్పదు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా అంతే. గనుల ప్రాంతపు ఎండలు దానికి తోడైతే చెప్పక్కర్లేదు. జ్వరం, ఇన్ఫెక్షన్, వాంతులు రాకుండా ఇచ్చే స్టిరాయిడ్లు, నిద్రలేమి... ఇవన్నీ నాడి వేగాన్ని పెంచేవే. కారణం కనిపెట్టి సరిచేస్తే చాలావరకు ఈ దడ తగ్గుతుంది.

కొన్ని మందుల తీరు వేరు. రోగులు 'ఎర్ర మందు' అని పిలుచుకునే డాక్సోరుబిసిన్ గుండె కండరాన్నే బలహీనపరచగలదు. అందుకే జీవితం మొత్తమ్మీద ఇంతకు మించి ఇవ్వకూడదని దీనికో హద్దు ఉంది. మొదలుపెట్టే ముందు ఎకో పరీక్ష చేయించేదీ అందుకే. కొన్ని రొమ్ము క్యాన్సర్లకు ఇచ్చే ట్రాస్టుజుమాబ్‌కు సాధారణంగా మూడు నెలలకోసారి ఎకో తీయిస్తారు. ఫ్లోరోయురాసిల్‌తో కొందరికి గుండె రక్తనాళాలు బిగుసుకుని ఛాతీ నొప్పి వస్తుంది. పాక్లిటాక్సెల్‌తో నాడి నెమ్మదించే వాళ్లూ ఉన్నారు.

ఇదంతా విని మందంటేనే బెదిరిపోనక్కర్లేదు. కీమోకీ తెలుగువాళ్లకీ పాత చుట్టరికమే! 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే, పిల్లల్లో రక్త క్యాన్సర్ తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గుతుందని సిడ్నీ ఫార్బర్ 1948లో లోకానికి చెప్పారు. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

నాడి చూడటం ఇలా...

పొద్దున్నే మంచం దిగకముందే చూడాలి. బొటనవేలి కిందుగా, మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. బొటనవేలితో మాత్రం చూడకూడదు, దానికీ నాడి ఉంటుంది కనుక లెక్క తప్పుతుంది. పెద్దవాళ్లకు విశ్రాంతిలో 60 నుంచి 100 మధ్య ఉండటం మామూలే. తేదీ, అంకె, జ్వరం ఉందో లేదో ఓ నోటుబుక్కులో రాసుకోవాలి. కీమోకు ముందునుంచే రాస్తే మీ మామూలు అంకె ఎంతో తెలుస్తుంది.

కూర్చుని లేచేటప్పుడు తొందర వద్దు. కాఫీ, టీలు తగ్గించండి. మజ్జిగ, ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగుతుండండి. కాళ్ల వాపు, గుండె బలహీనత ఉన్నవాళ్లు మాత్రం ఎంత తాగాలో డాక్టరునే అడగాలి.

ఆలస్యం చేయకూడనివి

విశ్రాంతిలోనూ నాడి 120 దాటి తగ్గకపోయినా, లయ తప్పి కొట్టుకుంటున్నా, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, పడుకుంటే ఊపిరాడకపోవడం, పాదాల వాపు కనిపించినా వెంటనే బయల్దేరాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగొద్దు. తెల్లరక్త కణాలు తగ్గినప్పుడు చిన్న ఇన్ఫెక్షనే ప్రాణం మీదికి తెస్తుంది. ముందు దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాలి, లేదా 108కి ఫోన్ చేయాలి.

వెళ్లేటప్పుడు కీమో కాగితాలు చేతిలో ఉండాలి. అజిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్, వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ తోడైతే కొందరిలో గుండె లయ తప్పుతుంది. కీమో సంగతి తెలియని ఆర్ఎంపీ మామూలు జ్వరమనుకుని ఇచ్చే మాత్రతోనూ ఆ చిక్కు రావొచ్చు. తెలిసినవాళ్లు ఇచ్చారని పసరు మందులూ మింగొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం... దడ వచ్చిందని కోర్సు మీరే మానేయకండి. మోతాదు మార్చడానికి, మందు నెమ్మదిగా ఎక్కించడానికి, గుండెకు అండగా మాత్రలివ్వడానికి డాక్టర్లకు దారులున్నాయి. కాకపోతే మీరు చెబితేనే వాళ్లకు తెలుస్తుంది!