ఉచిత రొట్టెలు, పన్నెండు గంపలు



మన తెలంగాణలో 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకం కింద, అర్హత ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తోంది. కూలి చేసుకుని బ్రతికే మన కుటుంబాలకు ఇది నిజంగా మేలు. దేవునికి స్తోత్రం చెల్లిద్దాం. అయితే అప్పటినుండి మన మధ్య ఒక మాట తరచుగా వినబడుతోంది: "ఫ్రీ కరెంటే కదా, ఉండనీ!" విశ్వాసులమైన మనం అనకూడని మాట ఇది.

యోహాను సువార్త 6వ అధ్యాయం జ్ఞాపకం చేసుకుందాం. అయిదు రొట్టెలు, రెండు చిన్న చేపలతో ప్రభువు ఇంచుమించు 5,000 మంది పురుషులకు భోజనం పెట్టాడు. తిన్నవారిలో ఒక్కరూ పైసా ఇవ్వలేదు. అంతా ఉచితమే. కావాలంటే మరో 5,000 మందికి పెట్టగల ప్రభువు, మిగిలిన ముక్కలను మాత్రం నేలపాలు కానివ్వలేదు. శిష్యుల చేత ఏరించాడు. పన్నెండు గంపలు నిండాయి. ఊరికే దొరికింది గనుక విలువ లేదని ఆయన అనుకోలేదు.

మనకు సున్నా బిల్లు వచ్చినా, ఆ కరెంటుకు వెల ఎవరో చెల్లిస్తూనే ఉన్నారు. మన రాష్ట్రంలో కరెంటు ఎక్కువగా బొగ్గుతోనే తయారవుతుంది. ఒక్క యూనిట్‌కు అర కిలోకు పైగా బొగ్గు కాలాలి. సింగరేణి బాయిల్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగే కార్మికుల చెమట అందులో ఉంది. వాకిట్లో 60 వాట్ల పాత బల్బు రాత్రికి పది గంటలు వెలిగితే నెలకు 18 యూనిట్లు. అదే చోట 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే మూడు యూనిట్లు కూడా కాదు. ఎవరూ లేని గదిలో 75 వాట్ల ఫ్యాను రోజుకు నాలుగు గంటలు తిరిగితే తొమ్మిది యూనిట్లు వృథా.

ఎండాకాలం సాయంత్రం కూలర్లు, మోటార్లు అన్నీ ఒక్కసారే నడిస్తే ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు పడుతుంది. అది కాలిపోతే పరీక్షలకు చదివే పిల్లలు చీకట్లో కూర్చోవాలి. మన ఇంట్లో వృథా పొరుగింట్లో కొరత అవుతుంది. పొరుగువానిని ప్రేమించడం స్విచ్చి బోర్డు దగ్గర కూడా ఉంది.

మన మందిరంలో కూడా చూసుకుందాం. ఆరాధన ముగిశాక ఖాళీ కుర్చీల మీద ఫ్యాన్లు తిరుగుతుంటాయి. క్రిస్మస్ స్టారు పట్టపగలు కూడా వెలుగుతుంటుంది. మందిరం బిల్లు కట్టేది కానుకల్లోనుండే. అందులో పేద విధవరాలి కాసులూ ఉంటాయి.

ఒక హెచ్చరిక. పొదుపు పేరు చెప్పి మంచం పట్టిన అమ్మ దగ్గర ఫ్యాను ఆపకండి. కోడలు వంటగదిలో లైటు వేసుకుంటే సణగకండి. ప్రభువు ముందు అందరినీ తృప్తిగా తిననిచ్చాడు, ఆ తరువాతే ముక్కలు ఏరమన్నాడు. ఆ వరుస మనం మరచిపోకూడదు. అవసరానికి ధారాళంగా వాడుదాం, మిగిలినదాన్ని పారబోయకుండా ఉందాం.

ఈ రాత్రి పడుకునే ముందు, కుటుంబ ప్రార్థన అయ్యాక, పిల్లలను వెంటబెట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరుగుదాం. ఊరికే వెలిగే లైటు, రిమోట్‌తో ఆపి వదిలేసిన టీవీ, నిండిన ట్యాంకుకు ఇంకా నడుస్తున్న మోటారు... అన్నీ కట్టేద్దాం. అవే మన గంపలోకి ఏరుకునే ముక్కలు.

నమ్మకమైన గృహనిర్వాహకులుగా ప్రభువు మనలను నిలుపును గాక. ఆమేన్.