వడ్లా, బియ్యమా, వండిన అన్నమా?

"అన్నా, నియోవిమ్‌కి ఏ కాన్ఫిగ్ వేసుకోవాలె?" సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు బీటెక్ పిల్లలు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇదే. ఒక్క పేరు చెప్పేస్తే దించుకుని వెళ్లిపోతాం అన్నట్టు అడుగుతారు. పేరు చెప్పడానికి క్షణం పట్టదు. అది మీ చేతికి సరిపోతుందా లేదా అన్నదే అసలు సంగతి.

ఈ గొడవ కొత్తవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. వీఎస్ కోడ్ ఇన్‌స్టాల్ చేస్తే కావాల్సినవి చాలావరకు కళ్ల ముందే ఉంటాయి. విమ్, నియోవిమ్, ఈమ్యాక్స్ అలా కాదు. విమ్‌ని బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేశారు. దాన్నుంచి చీలి 2014లో నియోవిమ్ మొదలైంది. గ్నూ ఈమ్యాక్స్ ఇంకా పెద్దది, 1985 నాటిది. ఇవి తెరిస్తే కనిపించేది సాదాసీదా స్క్రీన్. ఫైళ్ల జాబితా, రంగులు, తప్పు రాస్తే ఎర్రగీత... ఇవన్నీ మనకి నచ్చినట్టు ఉండాలంటే సెట్టింగ్స్ ఫైల్‌లో మనమే రాసుకోవాలి. నియోవిమ్‌లో లువా భాషలో, ఈమ్యాక్స్‌లో లిస్ప్‌లో. మొదటి రోజే అంత ఓపిక ఎవరికుంటుంది? అందుకే ఎవరో రాసిపెట్టిన కాన్ఫిగరేషన్ దించుకుని మొదలుపెడతారు.

మిర్యాలగూడవాళ్లకి మిగతాది చెప్పడం చాలా సులువు. అక్కడ ఎటు చూసినా రైస్ మిల్లులే. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు లారీల్లో వస్తాయి, బియ్యమై బస్తాల్లో పోతాయి. ఆకలితో ఉన్నవాడికి మూడు దారులు: వండిన అన్నం, బియ్యం, వడ్లు. ఎడిటర్ కాన్ఫిగరేషన్లు కూడా సరిగ్గా ఈ మూడు రకాలే.

వండిన అన్నం అంటే లేజీవిమ్, ఆస్ట్రోఎన్‌విమ్, ఎన్‌వీచాడ్ లాంటివి. వేసుకోగానే అన్నీ పనిచేస్తాయి. స్పేస్ బార్ నొక్కితే తర్వాత ఏ కీ నొక్కొచ్చో కింద జాబితా వస్తుంది. ఈమ్యాక్స్‌లో ఈ పద్ధతిని స్పేస్‌మ్యాక్స్ జనానికి అలవాటు చేసింది. తర్వాత వచ్చిన డూమ్ ఈమ్యాక్స్‌లో మాడ్యూళ్ల జాబితా ఒకటి ఉంటుంది. పైథాన్ కావాలంటే ఆ లైన్ ముందున్న సెమికోలన్లు తీసేసి, డూమ్ సింక్ అనే కమాండ్ కొడితే చాలు. సుఖం. కానీ వంట మనది కాదు. ఉప్పు ఎక్కువైతే ఎక్కడ పడిందో మనకి తెలియదు.

బియ్యం అంటే కిక్‌స్టార్ట్. నియోవిమ్ ప్రపంచంలో బాగా పేరున్న టీజే డెవ్రీస్ మొదలుపెట్టింది. ఇది రెడీమేడ్ సరుకు కాదు, మొదలుపెట్టడానికి ఒక చోటు మాత్రమే అని దాన్ని తయారుచేసినవాళ్లే చెబుతారు. అంతా ఒకే ఫైల్. సుమారు వెయ్యి లైన్లు, అందులో చాలా భాగం కామెంట్లే. ఏ లైన్ ఎందుకుందో పక్కనే రాసి ఉంటుంది. మొత్తం చదవమని మొదట్లోనే అడుగుతుంది. నిజంగా కూర్చుంటే ఒక ఆదివారం పని.

వడ్లు అంటే ఖాళీ ఫైల్. దంచడం, చెరగడం, వండడం అన్నీ మీవే. అనుభవం ఉన్నవాళ్లకి ఇది హాయి. కొత్తవాళ్లకి ఆకలి తీరేలోపు సెమిస్టర్ అయిపోతుంది.

మరి ఏది మంచిది? కోదాడ తమ్ముడి సంగతి చెబుతాను, మీకే అర్థమవుతుంది. రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. పొద్దున తొమ్మిదికి ల్యాబ్ ఎక్స్‌టర్నల్. "అన్నా, సాయంత్రం అప్‌డేట్ కొట్టిన. ఇప్పుడు ఓపెన్ చేస్తే మొత్తం ఎర్రెర్రగ వస్తున్నయ్. ప్రోగ్రామ్ ప్రాక్టీస్ చేస్కోవాలె." ఎర్రర్ ఏ ఫైల్‌లో అని అడిగితే, "ఏమో అన్నా, సీనియర్ ఇచ్చిండు, నేను పెట్టిన" అన్నాడు. తీరా చూస్తే సీనియర్ కూడా ఇంకెవరి దగ్గరో తెచ్చుకున్నాడట! ముగ్గురి చేతులు మారిన ఫోల్డర్, లోపల ఏముందో ఒక్కరికీ తెలియదు.

ఆ టైంలో రిపేర్ చేయబోతే తెల్లారిపోతుంది. నియోవిమ్‌ని ఏ సెట్టింగులూ లేకుండా తెరిచే ఆప్షన్ ఒకటి ఉంది, దాని పేరు క్లీన్. ఈమ్యాక్స్‌లో అదే పనికి పెద్ద క్యూ. "క్లీన్ అని పెట్టి తెరువ్, ప్రోగ్రామ్ టైప్ చేస్కో, మిగతాది పరీక్ష అయినంక చూద్దాం" అన్నాను. సజెషన్లు లేవు, చిహ్నాలు లేవు. మొదట తడబడ్డాడు. కానీ ఎక్స్‌టర్నల్‌లో కూడా ల్యాబ్ కంప్యూటర్ మీద అవేమీ ఉండవు కదా! ఆ రాత్రి ఉత్త ఎడిటర్‌లో రాసినవే పొద్దున చేతికి వచ్చాయి.

అందుకే ఏ కాన్ఫిగరేషన్ అందంగా ఉంది, ఎవరి వీడియోకి ఎన్ని వ్యూస్ వచ్చాయి అన్నవి నేను పట్టించుకోను. నేనడిగేది ఒక్కటే: రాత్రి పదకొండింటికి చెడిపోతే బాగుచేసేది ఎవరు? "నేనే" అనగలిగినంతే వేసుకోండి. అంతకు మించింది అప్పు. వడ్డీ పరీక్ష ముందు రోజు కట్టాల్సి వస్తుంది.

దీన్ని ఒక్కొక్కరి పరిస్థితికి పెట్టి చూద్దాం. మొదటి సంవత్సరం, ఇంకా ఫర్ లూప్ దగ్గరే ఉన్నారు అనుకోండి. వీఎస్ కోడ్ చాలు, అందులో నామోషీ ఏమీ లేదు. ఖాళీ దొరికినప్పుడు విమ్‌ట్యూటర్ చేయండి. విమ్‌తోనే వచ్చే పాఠం, అరగంట పని. రేపు ఉద్యోగంలో దూరాన ఉన్న సర్వర్‌లోకి వెళ్లి ఒక్క లైన్ మార్చమంటే, అక్కడ చాలాసార్లు దొరికేది వీఐ లాంటి ఎడిటరే. ఈమ్యాక్స్ వైపు మనసు లాగితే, కంట్రోల్ పట్టుకుని హెచ్ నొక్కి, వదిలేసి టీ నొక్కండి. దాని పాఠం తెరుచుకుంటుంది.

ప్లేస్‌మెంట్లు రెండు నెలల్లో ఉన్నాయా? వండిన అన్నమే తినండి. కానీ వంటింట్లోకి వెళ్లి గరిటె తిప్పకండి. ఇంటర్వ్యూలో మీ కోడ్ అడుగుతారు గానీ మీ థీమ్ రంగు అడగరు.

వేసవి సెలవులు, చేతిలో పాత ల్యాప్‌టాప్, లోపల ఏముందో చూడాలన్న దురద... ఇదీ మీ పరిస్థితైతే కిక్‌స్టార్ట్. రోజుకి ఒక యాభై లైన్లు చదవండి. అర్థం కానిది తీసేసి చూడండి, ఏం ఆగిపోయిందో గమనించండి. నెల తిరిగేసరికి ఆ ఫైల్ మీదవుతుంది.

ఏది ఎంచుకున్నా మూడు జాగ్రత్తలు. ఒకటి, పాతది చెరిపి కొత్తది వేయకండి. నియోవిమ్ 0.9 నుంచి యాప్‌నేమ్ అనే సెట్టింగ్ ఉంది. దానితో రెండు మూడు కాన్ఫిగరేషన్లు పక్కపక్కనే పెట్టుకోవచ్చు. ఈమ్యాక్స్ 29లో కూడా వేరే ఫోల్డర్ చూపించి తెరిచే వీలు వచ్చింది. రెండు, ఫోల్డర్‌ని గిట్‌లో పెట్టండి. లేజీ అనే ప్లగిన్ మేనేజర్ వాడే కాన్ఫిగరేషన్లలో లాక్ ఫైల్ ఒకటి ఉంటుంది. ఏ ప్లగిన్ ఏ వెర్షన్‌లో ఉందో అందులో రాసి ఉంటుంది. అది భద్రంగా ఉంటే, చెడిన అప్‌డేట్ నుంచి రీస్టోర్ కొట్టి వెనక్కి రావొచ్చు. కోదాడ తమ్ముడి దగ్గర లేనిది ఇదే. మూడు, కాన్ఫిగరేషన్ అంటే ఉత్త సెట్టింగులు కాదు, మీ కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్. ముక్కూ మొహం తెలియనివాళ్ల ఫోల్డర్ వేసుకోవడమంటే వాళ్ల ప్రోగ్రామ్ నడపడమే.

తెలుగులో రాసేవాళ్లకి ఇంకో మాట. టెర్మినల్‌లో నడిచే ఎడిటర్లలో తెలుగు తరచూ చెదురుతుంది. ఒత్తులు ఒకచోట, అక్షరం ఒకచోట. అది కాన్ఫిగరేషన్ తప్పు కాదు, అక్షరాలు గీసే టెర్మినల్ తంటా. ఎన్ని ప్లగిన్లు మార్చినా పోదు. టెర్మినల్‌లో కాకుండా సొంత విండోలో నడిచే ఈమ్యాక్స్ ఈ విషయంలో మెరుగు. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి అక్షరాలు కూర్చడానికి హార్ఫ్‌బజ్‌ని వాడుకుంటుంది. తెలుగు టైప్ చేయడానికి ఐట్రాన్స్, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతులు అందులోనే ఉన్నాయి. ప్రాజెక్ట్ రిపోర్టో, కథో తెలుగులో రాసేవాళ్లు ఎడిటర్ ఎంచుకునే ముందు ఇది చూసుకోవాలి.

"ల్యాప్‌టాప్ లేదన్నా, ఫోనే ఉంది" అనేవాళ్లూ మనలో తక్కువేమీ కాదు. ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ యాప్ ఉంటే నియోవిమ్ ఫోన్‌లోనే నడుస్తుంది. బరువైనవి వద్దు, ఇరవై లైన్ల సొంత ఫైల్ చాలు. లైన్ నంబర్లు, ట్యాబ్‌కి నాలుగు ఖాళీలు, నచ్చిన రంగు. వడ్లతో మొదలుపెట్టడం ఫోన్‌లోనే తేలిక, ఎందుకంటే బస్తా చిన్నది.

కాబట్టి ఈ వారం పని ఇది. మీ ఎడిటర్ ఫోల్డర్ తెరిచి, మొదటి పది లైన్లు పక్కనున్న ఫ్రెండ్‌కి వివరించండి. నోరు తిరిగితే అది మీ కాన్ఫిగే, కొనసాగించండి. తిరగకపోతే ముందు ఒక కాపీ పక్కన పెట్టుకుని, ఏ లైన్ ఏం చేస్తుందో ఇవాళ్టి నుంచే చదవడం మొదలుపెట్టండి. ఈసారి అడిగేటప్పుడు ఏది వేసుకోవాలి అని కాదు, ఏ లైన్ అర్థం కాలేదో అడగండి. దానికి నా దగ్గర జవాబు తప్పకుండా ఉంటుంది.