వియ్యం ఆపని కయ్యం

యూరప్ రాజకుటుంబాల పెళ్ళి ఫొటోలు ఎక్కడ అచ్చయినా, ఆనాటి వివాహ సంబంధాలే ఆ దేశాల మధ్య శాంతిని నిలిపాయన్న వాక్యం ఒకటి వాటి కింద చేరుతుంది. ఆదివారం అనుబంధాల్లోనూ అదే మాట వినయంగా పునరావృతమవుతుంది. కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ కావాలని చెప్పిన తెలుగు సామెత, వియ్యమందితే కయ్యం రాదని మాత్రం ఎన్నడూ పూచీ పడలేదు. ఆ వివేకం రాజవంశ చరిత్రకారుల్లో లోపించిందనడానికి హెస్సె రాకుమార్తెల కథ ఒక్కటే చాలు.

డార్మ్‌స్టాట్ రాజధానిగా ఉన్న హెస్సె ఒక గ్రాండ్ డచీ, అంటే రాజు కంటే ఒక మెట్టు తక్కువ హోదా గల ప్రభువు ఏలిన చిన్న జర్మన్ రాజ్యం. విక్టోరియా రాణి రెండవ కుమార్తె ఆలిస్ 1862లో ఆ ఇంటికి కోడలయింది. 1878లో కంఠసర్పి అనే డిఫ్తీరియా ఆ ఇంట ప్రవేశించి, ముందు నాలుగేళ్ల మేరీని, నెల తిరగకముందే 35 ఏళ్ల తల్లిని తీసుకుపోయింది. మిగిలిన నలుగురు ఆడపిల్లల్లో పెద్దదైన విక్టోరియాకు అప్పటికి 15 ఏళ్లు, చివరిదైన అలిక్స్‌కు ఆరు. తరువాతి కాలంలో విక్టోరియా బ్రిటిష్ నౌకాదళంలో పనిచేస్తున్న లూయీ బాటెన్‌బర్గ్‌ను, ఎలిజబెత్ రష్యన్ గ్రాండ్ డ్యూక్ సెర్గీని, ఐరీన్ జర్మన్ కైజరు తమ్ముడు హైన్రిచ్‌ను, అలిక్స్ రష్యా చక్రవర్తి రెండవ నికొలస్‌ను పెళ్ళాడారు.

1914 ఆగస్టులో యుద్ధం మొదలయ్యేనాటికి ఈ తోడల్లుళ్లలో ఒకరు బ్రిటిష్ నౌకాదళానికి అధిపతి, ఒకరు బాల్టిక్ సముద్రంలో జర్మన్ నౌకాబలానికి సేనాని, ఇంకొకరు అదే సముద్రపు తూర్పు తీరాన్ని ఏలుతున్న చక్రవర్తి. శాంతికి పెళ్ళిళ్లే పునాదులైతే ఇంతకంటే గట్టి పునాది ఏ దేశానికి దొరుకుతుంది? జరిగిందేమిటంటే, యుద్ధం చీల్చిన బంధువుల ఉత్తరాలు తటస్థ దేశమైన స్వీడన్ యువరాణి మార్గరెట్ చేతుల మీదుగా తిరగవలసి వచ్చింది. జర్మన్ పుట్టుక కారణంగా బాటెన్‌బర్గ్ అక్టోబరులోనే పదవి వదులుకున్నాడు, రష్యాలో అలిక్స్ శత్రుదేశపు ఆడపడుచుగా నిందలు పడింది. 1917లో పదవీచ్యుతుడైన నికొలస్ కుటుంబానికి బ్రిటన్ ఆశ్రయమిస్తానని చెప్పి, నికొలస్‌కూ అలిక్స్‌కూ స్వయాన బంధువైన ఐదవ జార్జి ఒత్తిడి మీద మాట వెనక్కి తీసుకుంది. 1918 జూలై 17న యెకతెరిన్‌బుర్గ్‌లో అలిక్స్‌ను, మర్నాడు అలపాయెవ్‌స్క్ దగ్గర ఎలిజబెత్‌ను బొల్షెవిక్కులు చంపారు. భర్తను బాంబుతో చంపినవాణ్ణి జైలుకు వెళ్లి స్వయంగా పలకరించి, ఆపైన మాస్కోలో రోగులకోసం మఠం స్థాపించిన ఆ ఎలిజబెత్‌ను పడవేసింది ఒక పాడుబడ్డ గని గోతిలో.

ఇంత జరిగినా వంశవృక్షాలు గీసేవారి తీరు మారలేదు. మగసంతానానికి కొమ్మలూ రెమ్మలూ గీసి, ఆడసంతానాన్ని పెళ్ళి దగ్గర ఆపేయడం వారికి అలవాటు. ఆడవారి గీతను శ్రద్ధగా లాగేది ఒక్క హీమోఫిలియా పటంలోనే. రక్తం గడ్డకట్టని ఈ జబ్బు సాధారణంగా తల్లి ద్వారా కొడుకులకు సంక్రమిస్తుంది కనుక, ఐరీన్ నాలుగేళ్ల కొడుకు 1904లో మరణించడం, అదే ఏడు అలిక్స్‌కు పుట్టిన అలెక్సీకి ఆ జబ్బే ఉండడం అందరికీ గుర్తుంటాయి. కానీ యెకతెరిన్‌బుర్గ్ దగ్గర బయటపడిన ఎముకల్లో అలిక్స్‌వి ఏవో 1993లో తేల్చినది కూడా ఆ ఆడ గీతే. తల్లి నుంచి మాత్రమే బిడ్డకు చేరే మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ కోసం శాస్త్రజ్ఞులు అలిక్స్ అక్క విక్టోరియా కూతురి కొడుకైన ప్రిన్స్ ఫిలిప్ రక్తాన్ని అడిగారు. మగవారి పేర్లు మాత్రమే ఉన్న వంశవృక్షం ఆ రోజున ఎందుకూ కొరగాదు.

ఫిలిప్ ప్రస్తావన వస్తే తెలుగు పత్రికలకు గుర్తొచ్చేది ఒక్కటే, 1947 నవంబరు 20న జరిగిన అతని పెళ్ళికి హైదరాబాద్ నిజాం వధువైన బ్రిటిష్ యువరాణి ఎలిజబెత్‌కు బహూకరించిన వజ్రాల హారం. ఆ హారం ఎవరి మెడలో కనిపించినా ఇక్కడ అరపేజీ కేటాయిస్తారు. భారతదేశపు చివరి వైస్రాయి మౌంట్‌బాటెన్ ఆ హెస్సె విక్టోరియా కన్నకొడుకేనని, నిజాంతో యథాతథ ఒప్పందం కుదరడానికి కొద్ది రోజుల ముందు మేనల్లుడి పెళ్ళికి లండన్ వెళ్లి వచ్చాడని పాఠ్యపుస్తకాలు చెప్పవు. వజ్రాల వెల కట్టే ఆ అరపేజీలో ఇంకొక వాక్యానికి చోటుండదు: జర్మన్లను పెళ్ళాడినందువల్ల ఫిలిప్ సొంత అక్కలు ముగ్గురికి, మార్గరిటా, థియొడోరా, సోఫీలకు, తమ్ముడి పెళ్ళికి పిలుపు అందలేదు.