తీసేవాడే తీర్పు చెప్పవచ్చునా?

చిత్ర నిర్మాతలకు విమర్శకులపై ఆగ్రహం కలగడం కొత్త విషయం కాదు. కొత్తదల్లా ఆ ఆగ్రహం న్యాయస్థానం మెట్లెక్కడమే. చిత్రం విడుదలైన తొలి మూడు రోజులూ సమీక్షలు వెలువడకుండా నిషేధించాలని తమిళ నిర్మాతల సంఘమొకటి 2024 డిసెంబరులో మద్రాసు హైకోర్టును ఆశ్రయించింది. కోర్టు అందుకు సమ్మతించలేదు. అయితే ఆ కోరిక వెనుక ఉన్న తర్కం హైదరాబాదులోనూ తరచు వినబడేదే: ఒక్క షాట్ తీయడం చేతకానివాడికి మా చిత్రాన్ని తప్పుపట్టే అర్హత ఎక్కడిది?

సరే, తీయడం చేతనైనవాడే తప్పుపడితే? వెంటనే వాదం తలకిందులవుతుంది. అతడు పోటీదారుడు, అసూయాపరుడు, స్వప్రయోజనం కలవాడు. అంటే తీయనివాడికి అర్హత లేదు, తీసేవాడికి నిజాయితీ లేదు. ఇక పాఠకుడికి మిగిలేవి ప్రకటనలే.

ఇటువంటి ప్రశ్న తలెత్తినప్పుడు మన మేధావులు పారిస్ వెళ్లి త్రూఫో, గొదార్‌లను సాక్ష్యానికి పిలుస్తారు. అంతదూరం పోనక్కరలేదు. రాయపూర్ చాలు.

హబీబ్ తన్వీర్ 1923లో ఆ ఊరిలోనే జన్మించారు. 1945లో బొంబాయి చేరి రేడియోలో పనిచేస్తూ, సినిమాలకు పాటలు రాస్తూ, వాటిలో వేషాలు వేస్తూ, మరోవంక చిత్ర విమర్శకుడుగానూ కలం పట్టారు. తనకు అన్నం పెట్టే పరిశ్రమ మీదనే తీర్పు చెప్పారన్నమాట. 1954లో ఢిల్లీ వచ్చి నాటకరంగానికి అంకితమయ్యారు. 1972 నుంచి 1978 వరకు రాజ్యసభలో నియమిత సభ్యులుగానూ ఉన్నారు. 1975లో శ్యామ్ బెనెగళ్ ‘చరణ్‌దాస్ చోర్’ తీసినప్పుడు తన్వీర్ బృందంలోని ఛత్తీస్‌గఢ్ జానపద నటులే తెరమీద నిలిచారు. బొంబాయి సినిమా చూపే పల్లెవాసి ఎంత బూటకమో చెప్పడానికి ఆ ముఖాలే చాలు, వేరే సమీక్ష అక్కరలేదు.

ఇంతకంటే పదునైన ఉదాహరణ సత్యజిత్ రాయ్‌ది. మృణాల్ సేన్ ‘ఆకాశ్ కుసుమ్’ మీద 1965లో స్టేట్స్‌మన్ పత్రిక లేఖల శీర్షికలో రాయ్, సేన్ వారాల తరబడి బహిరంగంగా తలపడ్డారు. ఆ తరువాత సేన్ ప్రేమ్‌చంద్ కథ ‘కఫన్’ను తీసుకుని 1977లో తెలుగులో ‘ఒక ఊరి కథ’ తీశారు. రాయ్ 1981లో అదే ప్రేమ్‌చంద్ కథ ‘సద్గతి’ని దూరదర్శన్ కోసం రాయపూర్ పరిసరాలలో, నాటి మధ్యప్రదేశ్ పల్లెలలో, చిత్రీకరించారు. సేన్ వెంకయ్య పనిచేయనని భీష్మించుకుంటాడు. చెమటోడిస్తే లాభపడేది భూస్వామేనని అతడి లెక్క. రాయ్ దుఖి బ్రాహ్మణుడి వాకిట మొద్దు చీల్చుతూ ప్రాణం విడుస్తాడు. ఒకడు నిరాకరించి, మరొకడు శిరసావహించి, ఇద్దరూ నాశనమవుతారు. 1965 నాటి వాగ్వాదమే పదహారేళ్ల తరువాత చిత్రభాషలో సాగినట్లు ఈ రచయితకు తోస్తుంది.

ఇందులో ప్రమాదం లేదని కాదు. రాయ్ 1974లో ‘గరమ్ హవా’, ‘మాయా దర్పణ్’, ‘దువిధా’లతోపాటు తెలంగాణ పల్లె నేపథ్యంగా వచ్చిన ‘అంకుర్’ను కూడా పరిశీలిస్తూ వ్యాసం రాశారు. ‘మాయా దర్పణ్’కు పెట్టుబడి ప్రభుత్వ ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్‌ది. లబ్ధప్రతిష్ఠుడైన దర్శకుడు పెదవి విరిస్తే, కొత్తవాడికి అప్పు నిరాకరించడానికి ఢిల్లీ ఉద్యోగికి అంతకంటే మంచి సాకు ఏముంటుంది? స్వప్రయోజనం కంటే ఈ బరువే నిజమైన చిక్కు. అయినా రాయ్ చాటుమాటున గుసగుసలాడలేదు, పేరు పెట్టి రాశారు. ఎదుటివారికి జవాబు చెప్పే వీలు మిగిల్చారు.

రాయపూర్ వంటి చోట ఈ ద్విపాత్రాభినయం విలాసం కాదు, అవసరం. తొలి ఛత్తీస్‌గఢీ చిత్రం, మను నాయక్ ‘కహి దేబే సందేశ్’, 1965లో వచ్చింది. కులాంతర ప్రేమను చూపినందుకు అలజడి రేగింది. పరిశ్రమ నిలదొక్కుకున్నది 2000లో, రాష్ట్రం ఏర్పడుతున్న రోజులలో విడుదలైన ‘మోర్ ఛైఁహా భుఁయ్యా’ విజయంతోనే. ఇంత చిన్న రంగంలో విమర్శనే వృత్తిగా చేసుకుని బతకగలవారెందరు? తీసేవారు రాయకపోతే రాసేవారే ఉండరు. తాను పనిచేస్తున్న సంస్థ చిత్రాన్ని సమీక్షించకపోవడం, మిగిలినవాటి విషయంలో తన సంబంధాలను మొదటి వాక్యంలోనే చెప్పుకోవడం, ఈ రెండు నియమాలు పాటిస్తే పాఠకుడు మిగతాది తానే తూచుకోగలడు. అతడు అంత అమాయకుడేమీ కాదు.

తెలుగునాట జరిగింది మరొకటి. ఆంధ్రపత్రికలో సమీక్షలు రాసిన ముళ్లపూడి వెంకటరమణ సినిమాలకు రచయిత అయ్యారు. తెలుగు తెరకు గొప్ప సంభాషణలు దక్కాయి; సమీక్షకు మాత్రం నష్టమే. తరువాత అదే బాటన నడిచినవారిలో ఎక్కువమంది పరిశ్రమ గడప దాటగానే విమర్శను చెప్పులతోపాటు బయటే వదిలేశారు. నేటి దర్శకులలో ప్రపంచ సినిమాను ఔపోసన పట్టినవారికి కొదవలేదు. విడుదలకు ముందు జరిగే వేడుకలలో సాటివారి చిత్రాల గురించి వారు గంటలకొద్దీ మాట్లాడుతున్నారు కూడా. ఆ ప్రసంగాలలో స్టేట్స్‌మన్ లేఖల పక్కన అచ్చువేయదగిన వాక్యం ఒక్కటైనా వినబడిందా?