తాగి పడిపోలేదు

ఈ వారం పెట్టాల్సిన సాహిత్య చరిత్ర భాగం పక్కన పెట్టాను. మా వైపు తోటల్లో కాయ కోతలు మొదలయ్యాయి. కోతలనగానే పెదనాన్న పడిపోయిన రోజు గుర్తొస్తుంది.

మైలవరం అవతల ఒక మామిడి తోట. ఉదయం పది గంటలు. చిక్కం కర్రతో రసాలు దించుతున్నాడు. కుడిచేతిలోంచి కర్ర జారిపోయింది. రెండడుగులు తూలి కూలబడ్డాడు. ఏదో చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. తోట కౌలుకి తీసుకున్నాయన నవ్వాడట: "పొద్దున్నే ఎక్కించాడ్రా! చెట్టు కింద పడుకోబెట్టండి, దిగాక లేస్తాడు."

పెదనాన్న జన్మలో చుక్క ముట్టలేదు. చర్చి సంఘంలో పెద్ద. తోటి కూలీలందరికీ ఆ సంగతి తెలుసు. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. వాళ్ళని తప్పుపట్టను. సాయంత్రం కూలి డబ్బులిచ్చేది ఆయనే.

నాలుగింటికి పెద్దమ్మ వెళ్ళేసరికి మూతి పక్కకి లాగేసి ఉంది. ఊళ్ళో వైద్యం చేసే ఆయన సెలైన్ ఎక్కించి, నాలుక కింద బీపీ మాత్ర పెట్టాడు. బీపీ ఉన్నట్టుండి పడిపోతే మెదడుకి అందే ఆ కాస్త రక్తమూ తగ్గుతుందని అప్పుడు మాకెవరికీ తెలీదు. రాత్రికి విజయవాడ చేరాం. డాక్టరు అడిగిన మొదటి మాట, "చివరిసారి మామూలుగా ఉన్నదెప్పుడు?" ఉదయం పదింటికి అన్నాం. ఆయన గోడ గడియారం వైపు చూసి ఇంకేం అడగలేదు.

ఎందుకో తర్వాత చదివి తెలుసుకున్నాను. స్ట్రోకు ఎక్కువమందికి మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వస్తుంది, కొందరికి నాళం చిట్లి వస్తుంది. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. తేల్చేది సీటీ స్కానే. గడ్డయితే కరిగించే ఇంజెక్షన్ ఉంది, నాలుగున్నర గంటల్లోపు పడాలి. నాళం చిట్లినవాళ్ళకి అదే ఇస్తే ప్రాణం పోవచ్చు. అందుకే స్కాన్ కాకుండా ఆస్పిరిన్ కూడా వెయ్యకూడదు. పెద్ద నాళంలో గడ్డని తీగతో బయటికి లాగే వైద్యం కొందరికి 24 గంటల దాకా పనికొస్తుంది, అదీ పెద్దాసుపత్రుల్లోనే. ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని లెక్క.

మైలవరం నుంచి విజయవాడ దాదాపు 40 కిలోమీటర్లు. జి.కొండూరు, ఇబ్రహీంపట్నం మీదుగా గంట, మహా అయితే గంటన్నర. పెదనాన్న టైమంతా తిన్నది రోడ్డు కాదు, "తాగాడు" అన్న ఒక్క మాట.

మాటలు చదువుకునే డాక్టరేట్ తెచ్చుకున్నాను కాబట్టి ఇంకో మాట కూడా చెప్తాను. పక్షమంటే ఒక పక్క, వాతమంటే గాలి. పేరులోనే గాలి ఉంది కాబట్టి గాలి సోకిందంటారు, పావురం రక్తం రాయమంటారు. ఆ మూఢనమ్మకం మీద మన సంఘాలు బాగానే మాట్లాడతాయి. రెండో దాని మీద మాట్లాడవు. తూలడం, మాట ముద్దకావడం స్ట్రోకు లక్షణాలు. అవే మా కాలేజీలో ఒక సీనియర్ లెక్చరర్‌కి వస్తే కారు తీస్తారు. మా పల్లె మనిషికి వస్తే నోరు వాసన చూడకుండానే తీర్పు చెప్పేస్తారు. అన్నట్టు, నిజంగా తాగి ఉన్నా సరే, తాగినవాడికి స్ట్రోకు రాకూడదని ఎక్కడా లేదు. తాగుడు ఎక్కువైతే ముప్పు ఇంకా పెరుగుతుంది.

నవ్వమనండి. రెండు చేతులూ ఎత్తి పట్టుకోమనండి. పేరు చెప్పమనండి. ఒక్కటి తేడాగా ఉన్నా టైము రాసుకుని 108కి ఫోన్ చెయ్యండి. మంచినీళ్ళు కూడా పట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పది నిమిషాల్లో దానంతటదే తగ్గిపోయినా వెళ్ళాల్సిందే, అది ముందొచ్చిన హెచ్చరిక.

అసలు కారణాల్లో పెద్దది బీపీ. 140/90 దాటి ఉంటున్నా ఒంటికేమీ తెలీదు. పెదనాన్నకి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మాత్రలు ఊరికే ఇచ్చేవాళ్ళు. వెళ్తే ఒకరోజు కూలి పోతుంది, నొప్పా పాడా అని మానేశాడు. పచ్చడి మెతుకులూ ఎండుచేపా తప్ప ఇంకో కూర లేని ఇంట్లో ఉప్పు తగ్గించమని చెప్పడం నాలాంటి జీతగాడికి తేలిక. చుట్ట మానమనైనా గట్టిగా చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు.

ఏప్రిల్ 14 వస్తోంది. బాబాసాహెబ్ చివరి ఏళ్ళు షుగరు జబ్బుతో నలిగిపోయాడు, మనం కట్టే ఫ్లెక్సీల్లో అది కనపడదు. డీజే వద్దనను, అంటే నన్నే వెలేస్తారు. ఆ పక్కన ఒక కుర్చీ, ఒక బీపీ మిషన్ పెడదాం. చూడ్డం వచ్చిన నర్సింగ్ పిల్లలు మన కాలనీల్లోనే ఉన్నారు. మిషన్ ఎవరి దగ్గరుందో చెప్పండి. ముందు నా చెయ్యే చాపుతాను. నాకు 36 ఏళ్ళు, పెదనాన్న పడ్డాక కూడా ఇంతవరకు ఒక్కసారి చూపించుకోలేదు.